పచ్చి తుమ్మ చక్రాలు

మోర్మన్ల పడమటి ప్రయాణం మీద మా సంఘంలో మొదటిసారి పాఠం చెప్పింది నేనే. ఇరవై రెండేళ్ళుగా బడిలో తెలుగు చెబుతున్న నోరు కాబట్టి బాగానే చెప్పానని నా నమ్మకం. అమెరికాలో పాతకాలంలో తమ ఊళ్ళ నుంచి తరిమేస్తే పిల్లాజెల్లాతో పడమటి దిక్కుగా బయలుదేరిన జనం. వాళ్ళలో ఎడ్లబండి కొనే స్తోమత లేనివాళ్ళు చేతిబండ్ల మీద సామాను వేసుకుని, ఎడ్లు ఉండాల్సిన చోట తామే నిలబడి నెలల తరబడి లాక్కుంటూ పోయారు. ఆలస్యంగా బయలుదేరిన కొన్ని గుంపుల మీద దారిలోనే మంచు పడింది. పొద్దున లేచి, రాత్రి పోయినవాళ్ళను పూడ్చిపెట్టి, మళ్ళీ బండి ఎత్తుకున్న ఆడవాళ్ళున్నారు. అక్కడికి వచ్చేసరికి ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

పాఠం అయ్యాక సందేహాలుంటే అడగమన్నాను. ఎవరూ అడగరనే ధైర్యంతోనే అన్నాను. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న మా నాయన చెయ్యి ఎత్తాడు.

“బండ్లు తొందర తొందరగా పచ్చిచెక్కతో చేసినారని చెప్పినావు కదమ్మా. ఆ పని చేయమని వాళ్ళకు ఎవరు చెప్పినారు?”

ఆ సంగతి నేను ఒక్క వాక్యంలో దాటేశాను. పచ్చిచెక్క కావడంతో ఎండుగాలికి చక్రాలు బిగువు సడలి దారిలోనే ఊడిపోయాయని పుస్తకంలో ఉంటే ఉన్నట్టు చదివాను, అంతే. ఎవరు చెప్పారో రాయలేదు నాయనా అన్నాను. “ఎవరో ఒక తొందర మనిషి ఉండింటాడులే,” అని ఆయన చెయ్యి దించాడు. అంత చలి, అన్ని చావులు, అంత విశ్వాసం విన్న మనిషికి పట్టింది ఆ ఒక్క ముక్కే. నాకు ఒళ్ళు మండింది.

మాది మార్కాపురానికీ కంభానికీ మధ్య మెట్టపొలాల ఊరు. మా వీధి మొత్తం తాతల నాటి నుంచి క్రైస్తవులమే, కూలి పని చేసుకుని బతికినవాళ్ళమే. పదేళ్ళ కిందట మాలో పదకొండు కుటుంబాలు ఈ మోర్మన్ సంఘంలో చేరాయి. పాత చర్చివాళ్ళు మమ్మల్ని టీ తాగనోళ్ళు అంటారు. అనడంలో తప్పేమీ లేదు, మాకు టీ, కాఫీ రెండూ కూడవు. నాయన ప్రతి ఆదివారం వచ్చి వెనక కూర్చుంటాడు గానీ ఇప్పటికీ సంఘంలో చేరలేదు. ఆయన అభ్యంతరం బోధ మీద కాదు, టీ మీద.

ఆ పాఠం అయిన వారానికే హైదరాబాదు నుంచి సంఘం పెద్ద ఒకాయన వచ్చాడు. ఆ పూర్వికుల జ్ఞాపకంగా మీరూ ఒక చేతిబండి లాగుతూ రెండు రోజులు పడమటికి నడవండి, వేరే దేశాల్లో మనవాళ్ళు ఇలా చేస్తుంటారు అన్నాడు. మా ఊరి నుంచి పడమటికంటే కంభం చెరువు. పాతిక కిలోమీటర్లు ఉంటుంది. మార్చి నెలలో ఒక శుక్రవారం సెలవు వచ్చింది, పక్కనే రెండో శనివారం. అంతా కుదిరాక బండి ఎక్కడిదనే ప్రశ్న వచ్చింది. అరటిపళ్ళు అమ్మే తోపుడుబండి బాడుగకు తెద్దామని ఎవరో అన్నారు. సైకిలు చక్రాల బండి తోసుకుంటూ పోయి దాన్ని పూర్వికుల ప్రయాణం అంటారా అని నాకు చిరాకు పుట్టింది. లేచి నిలబడి, “బండి మా నాయన చేస్తాడు,” అన్నాను. నాయనను అడగలేదు. ఆయన టీ తాగడానికి బయటికి వెళ్ళి ఉన్నాడు.

అలా అనడానికి నాకొక కారణం ఉంది. మా నాయన కులానికి వడ్రంగి కాడు. పెళ్ళైన కొత్తలో పక్క ఊరి వడ్ల కులం పెద్దాయన కొట్టంలో రంపం లాగడానికి కూలికి చేరాడు. రంపం లాగుతూ, చూస్తూ, బండి చక్రం చేయడం నేర్చుకున్నాడు. పెద్దాయనకు చూపు మందగించాక ఆ కొట్టంలోంచి బయటికి వెళ్ళిన ప్రతి చక్రమూ నాయన చేతిదే. కానీ బండి తోలుకుపోవడానికి వచ్చిన రైతు ఎదుట నిలబడేది పెద్దాయన. నాయన వెనక పొట్టు ఊడుస్తూ ఉండేవాడు. ఊళ్ళల్లో అందరూ వాటిని పెద్దాయన బండ్లనే అన్నారు. ఆయన మంచివాడే. తిండికి లోటు చేయలేదు, ఒక మాట తూలలేదు, చక్రం ఎవరు చేశారో మాత్రం ఎవరికీ చెప్పలేదు. తర్వాత రబ్బరు టైర్ల బండ్లు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి, కొట్టం మూతపడింది, నాయన మార్కాపురం పలకల గనుల్లో పనికి పోయాడు.

ఇదంతా నాకు అమ్మ చెప్పింది. ఆయన నోట ఎన్నడూ రాలేదు. ఇప్పుడాయనకు డెబ్భై నాలుగేళ్ళు, ఆయన పేరున లోకంలో ఒక్క బండీ లేదు. ఒక్కటైనా ఉండాలని, అది అందరూ చూస్తుండగా కంభం చెరువు దాకా వెళ్ళాలని నా పట్టుదల.

సంగతి చెప్పగానే నాయన, “ఎండిన చెక్క యాడుంది?” అని అడిగాడు.

“చూద్దాం నాయనా.”

“చూసేదేంది? తుమ్మ మొద్దు కొట్టి, నీళ్ళల్లో నానేసి, తీసి నీడన ఆరేసి, ఒక వానాకాలం దాటనియ్యాల. ఎన్నాళ్ళుంది నీ నడక?”

“మూడు వారాలు.”

ఆయన నవ్వలేదు. “మొన్న పాఠం చెప్పింది నువ్వే కదా,” అన్నాడు.

బుద్ధున్న మనిషి అక్కడ ఆగుతుంది. నాకు ఆగడం రాదు. మా ఇంట్లో అన్నం ఉడకకముందే మూత తీసి చూసేది నేనే. రెండు రోజులు ఆయన్ను సాధించాను. మాట ఇచ్చేశానన్నాను, నలుగురిలో నా పరువు పోతుందన్నాను, చివరికి నీకు చేతకాకపోతే చెప్పు, తోపుడుబండి తెచ్చుకుంటాం అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మర్నాడు పొద్దున్నే ఆయన గొడ్డలి తీసుకుని గట్టు మీది నల్లతుమ్మ కొట్టడానికి వెళ్ళాడు.

ఆ మూడు వారాలు మా వాకిలి తిరునాళ్ళలా ఉంది. అటక మీది నుంచి బాడిస, ఉలులు దిగాయి. నాయన చక్రం నడిమి మొద్దుకు తొర్రలు తొలిచి, ఊచల్లాంటి ఆకులు చెక్కి ఒక్కొక్కటే అందులో దిగ్గొట్టాడు. చుట్టూ వంపు చెక్కలు కూర్చాడు. బడి నుంచి వచ్చేసరికి ఎవరో ఒకరు ఆయన ముందు గొంతుక్కూర్చుని చూస్తూ ఉండేవాళ్ళు. వంగిన నడుము వంగినట్టే ఉంది గానీ ఆ చేతులు మాత్రం ఎవరో పడుచువాడివి తెచ్చి అతికించినట్టున్నాయి. నేను గుమ్మంలో నిలబడి చూసి, గర్వంతో లోపలికి పోయి పనులన్నీ తప్పులు చేసేదాన్ని.

ఇనుప పట్టా ఎక్కించే రోజు వీధంతా వచ్చింది. పిడకల మంటలో ఎర్రగా కాలిన పట్టాను నలుగురు పటకార్లతో పట్టుకొచ్చి చక్రం చుట్టూ దించారు. చెక్క భగ్గుమంది. ఆడవాళ్ళం బిందెలతో నీళ్ళు గుమ్మరించాం. పట్టా చల్లారి కుంచించుకుని, చెక్కలన్నిటినీ ఒక్క బిగువున దగ్గరికి లాగింది. ఆ చప్పుడుకు మా పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాయన వేలి కణుపుతో ప్రతి ఆకునూ తట్టి విన్నాడు. లేచి నాతో ఒక్కటే చెప్పాడు.

“నడిచేనాటి దాక దీన్ని నీడన పెట్టు. తడిగోతాలు కప్పు. ఎండ చూపించొద్దు.”

నేనేం చేశాను? బండికి రంగుకాగితాలు కట్టి, సంఘం గది ముందు నడి ఎండలో రెండు రోజులు నిలబెట్టాను. అందరూ ఫోటోలు తీసుకోవాలి కదా. ‘ఈ బండి చేసింది మా నాయన’ అని పలక మీద సుద్దతో అందంగా రాసి, బండిని పట్టి లాగే నొగకు వేలాడదీశాను కూడా. నాయన ఆ రెండు రోజులూ అటు రాలేదు. వచ్చి ఉంటే నాకు యాభై ఏళ్ళని కూడా చూడకుండా వీపు విమానం మోత మోగించేవాడు.

శుక్రవారం పొద్దున బయలుదేరాం. ఆడవాళ్ళం పద్నాలుగు మందిమి, మగవాళ్ళూ పిల్లలూ కలిపితే నలభై దాకా తేలాం. బండి మీద రెండు బియ్యం మూటలు, వంట గిన్నెలు, దుప్పట్లు. నాయన బండి వెనకే నడిచాడు. ఎంత బతిమాలినా ఎక్కలేదు. దారిలో ప్రతి టీ కొట్టు దగ్గరా వెనకబడి, తర్వాత గబగబా నడిచి మమ్మల్ని కలుసుకునేవాడు. చేలల్లో పనిచేసేవాళ్ళు గట్టు మీదికి వచ్చి ఎడ్లేవీ అని అడిగారు. “మేమే ఎడ్లం,” అంది మా పెద్దమ్మ.

ఇరవై ఏళ్ళు గుంటూరు వైపు మిరపకోతలకు వలసపోయిన మనిషి మా పెద్దమ్మ. నెత్తిన మూట, చంకన బిడ్డ. “వాళ్ళు పడమటికి పోయినారు, మేము తూర్పుకు పోయినాం. అంతే కదా బ్రదర్ తేడా,” అని ఆమె అడిగితే, మాతో నడుస్తున్న హైదరాబాదు ఆయన ఆగి, ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాత్రి దారిలో ఒక బడి వరండాలో పడుకున్నాం.

రెండో రోజు ఆరింటికే కదిలాం. తొమ్మిదింటికి ఎండ చురుక్కుమంది. అప్పుడు మొదలైంది, ఎడమ చక్రం తిరిగినప్పుడల్లా టక్, టక్ అని. అదేమిటో నాకు అర్థమయ్యేలోగా వెనక నుంచి నాయన ఆపమన్నాడు. వంగి చూశాడు. ఒక ఆకును వేలితో కదిపితే కదిలింది. ఒకచోట పట్టాకూ చెక్కకూ మధ్య వేలు దూరేంత సందు పడింది. కుడి చక్రం కాస్త నయం.

“ఎండలో పెట్టినావా?”

“పెట్టినా నాయనా.”

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నొగకు వేలాడుతున్న పలకను విప్పి, బియ్యం మూటల కింద దూర్చేశాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హైదరాబాదు ఆయన మంచి మనసుతోనే, “పర్వాలేదు సిస్టర్, ట్రాలీ ఆటో పిలిచి బండిని ఎక్కించేద్దాం, మనం నడుద్దాం,” అన్నాడు. అప్పటికే చుట్టుపక్కల జనం పోగయ్యారు. బండి ఆటో మీద ఊరేగితే, ముసలాయన చేసిన మొదటి బండి రెండో రోజే పాడైందనే వార్త ఆటో కంటే ముందు మా ఊరు చేరుతుంది. తప్పు నాది, పోయేది ఆయన పేరు. ఆ పేరు కూడా నిన్ననే పుట్టింది. ఆటో వద్దని గట్టిగా చెప్పాను. తర్వాత ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

“నీళ్ళు కావాల,” అన్నాడు నాయన. “నాలుగు గంటలు నానితే చెక్క పొంగి పట్టాను పట్టుకుంటాది.”

రోడ్డుకు కొంచెం లోపలగా ఒక బత్తాయి తోట, బోరు, పక్కనే సిమెంటు తొట్టి కనిపించాయి. తోట రైతు అరవై దాటిన మనిషి, తరాలుగా అక్కడ భూములున్న కుటుంబం. పోయి, ఫలానా బడి టీచర్నని చెప్పుకుని సంగతి చెప్పాను. “పదకొండు దాకనే కరెంటు ఉంటాది టీచరమ్మా, బిర్రున తొట్టి నింపుకోండి,” అని తనే మోటారు వేశాడు. ఇరుసుకున్న చీలలు తీసి, చక్రాలు ఊడబెరికి, ఆడవాళ్ళమే దొర్లించుకుంటూ పోయి తొట్టిలో దించాం. చెక్కలోంచి బుడగలు బుడగలుగా గాలి పైకి వచ్చింది. నాయన తొట్టి గట్టున కూర్చుని, వదులైన ఆకు పక్కన దిగ్గొట్టడానికి సన్నటి చెక్క చీలికలు చెక్కడం మొదలుపెట్టాడు.

రైతు వచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టి చక్రాన్ని తడిమాడు. తడిమి తడిమి, “ఈ ఆకుల వాటం నేనెరుగుదును,” అన్నాడు. “మా నాయన ఉండంగ మా కొట్టంలో ఇట్లాంటి బండే ఉండె. ముప్పై ఏండ్లు తోలినాం, ఒక్క చెక్క కదల్లేదు. వడ్ల పెద్దాయన చేసినాడు దాన్ని. ఆయన పోయి చానా కాలమాయె. మరి దీన్ని ఎవరు చేసినారు పెద్దాయనా?”

నేను నోరు తెరిచాను. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగానే.

“తెలిసినోళ్ళు చేసినారయ్యా,” అన్నాడు.

రైతు అటు వెళ్ళగానే నేను గొడవకు దిగాను. ఎందుకు చెప్పలేదు, ఆయన అంతగా మెచ్చుకున్న బండి కూడా నువ్వు చేసిందే కదా, ఇంకెప్పుడు చెబుతావు అని. నాయన చీలిక చెక్కుతూనే ఉన్నాడు.

“వదులైన చక్రం ముందర పెట్టుకొని ఏమని చెప్పేదమ్మా? ముందు దాన్ని చెరువుకట్ట ఎక్కనీ.”

మధ్యాహ్నం రెండింటికి చక్రాలు బయటికి తీశాం. పట్టా దగ్గర సందు మూసుకుపోయింది. నాయన చీలికలు దిగ్గొట్టి, మొద్దు చుట్టూ ఆకుల చుట్టూ తడిగోతాలు చుట్టి పురికొసతో కట్టాడు. దారిపొడుగునా నీళ్ళు పోస్తూ ఉండాలన్నాడు. ఈసారి విన్నాను. చెరో పక్కా ఇద్దరు ఆడపిల్లలను పెట్టి, బిందెలోంచి చెంబుతో ముంచి చక్రం మీద పోయిస్తూ నడిపించాను. నాయన టీ కొట్ల దగ్గర ఆగలేదు. ఎడమ చక్రం పక్కనే, చెవి అటు వేసి నడిచాడు.

చెరువు కిందికి చేరేసరికి ఐదు దాటింది. కట్ట మీదికి పోయే మట్టిబాట రాళ్ళు తేలి, నిటారుగా ఉంది. హైదరాబాదు ఆయన అందరినీ ఆపి ఒక ఆచారం చెప్పాడు. ఆ ప్రయాణంలో భర్తలు పోయిన ఆడవాళ్ళు ఒంటరిగా బండ్లు లాగారట. వాళ్ళ జ్ఞాపకంగా ఈ చివరి ఎత్తు ఆడవాళ్ళే లాగాలి. మగవాళ్ళు టోపీలూ తలగుడ్డలూ తీసి బాటకు రెండు పక్కలా నిలబడాలి. తను సైగ చేసేదాకా చెయ్యి వేయకూడదు, మాట్లాడకూడదు. మా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. “ఇంటికాడ రోజూ జరిగేదే కదా బ్రదర్,” అంది పెద్దమ్మ. మగవాళ్ళలో ఒకరిద్దరు దగ్గారు.

నొగల మధ్య నేనూ మా వదినా. ముందు తాడు పట్టుకుని ఆరుగురు, వెనక తోయడానికి ఆరుగురు. మొదటి పది అడుగులు నవ్వుతూనే లాగాం. తర్వాత నవ్వడానికి ఊపిరి చాలలేదు. మట్టి కాళ్ళ కింద జారుతోంది. నొగ భుజం మీద చర్మం లేపేస్తోంది. సరిగ్గా సగం ఎత్తులో ఎడమ చక్రం ఒక రాయికి తగులుకుని ఆగింది. బరువంతా దాని మీదికి ఒరిగింది. చెక్క కిర్రుమంది.

నాయన అక్కడే, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. చేతిలో తువ్వాలు నలిగిపోతోంది. ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయాడు. నా వైపు చూడలేదు, చక్రాన్నే చూస్తున్నాడు. ఆ ఆచారం పెట్టినవాళ్ళ మీద ఆ క్షణాన నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. దేవుడా, నా తొందరకు ఈయనను శిక్షించకు అని మాత్రం అనుకున్నాను.

“జారనియ్యొద్దు,” అని వెనక నుంచి పెద్దమ్మ కేక పెట్టింది. “ఎడం పక్కోళ్ళు ఆకులు పట్టుకొని తిప్పండి.”

ముగ్గురు వచ్చి చక్రం ఆకులు పట్టుకుని తమ బరువంతా వేసి తిప్పారు. అందులో ఒక ఆకు పొద్దున వేలితో కదిపితే కదిలింది. ఇప్పుడు మిరపకోతల్లో, కందిచేలల్లో గట్టిపడిన చేతులు పెనుగులాడుతున్నా కదల్లేదు. చక్రం మెల్లగా రాయెక్కింది. ఎక్కి, అవతలికి దిగింది. ఆ తర్వాత మమ్మల్ని ఆపేవాళ్ళు లేరు. మిగతా ఎత్తు ఎలా ఎక్కామో నాకు గుర్తు లేదు. కట్ట మీదికి వచ్చి నొగలు దించేసరికి ఎదురుగా చెరువు, దాని మీద పొద్దువాలుతున్న ఎండ. ఆ పూర్వికులు చేరిన చోట కూడా పెద్ద సరస్సు ఉందట గానీ అందులో నీళ్ళు ఉప్పుకషాయమట. మేము దోసిళ్ళతో మొహాలు కడుక్కుని, ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ నవ్వాం. నా బతుకులో అంత సంతోషం ఎన్నిసార్లు పడ్డానో వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

కింద మగవాళ్ళు ఇంకా మాటాపలుకూ లేకుండా నిలబడే ఉన్నారు. హైదరాబాదు ఆయన కళ్ళు తుడుచుకుంటూ సైగ చేయడం మరిచిపోయాడు. అంతలో బత్తాయి తోట రైతు బైకు మీద కట్టెక్కి వచ్చాడు. ఏమైందో చూసిపోదామని వచ్చాడట. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ చక్రాన్ని పట్టుకుని ఊపి చూశాడు.

“ఎక్కినాది. గట్టి చక్రమే టీచరమ్మా. ఇంతకీ ఎవరు చేసినారు?”

చెప్పడానికి నాకు నాలుక కొస మీదే ఉంది. పళ్ళు బిగపట్టుకుని ఊరుకున్నాను. బాట మీద అడుగుల చప్పుడైంది. వరసలోంచి బయటికి వచ్చి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ నాయన కట్ట ఎక్కుతున్నాడు. పైకి వచ్చి, ఊపిరి తీసుకుని, రైతుకు ఎదురుగా నిలబడ్డాడు.

“నేను చేసినా,” అన్నాడు.

రైతు ఏదో అనబోయాడు. నాయన ఆగలేదు.

“ఇదొక్కటే కాదు. మీ కొట్టంలో ముప్పై ఏండ్లు తిరిగిన బండి చక్రాలు గూడ నేనే చేసినా. మీ నాయన వచ్చి తోలుకపోయిన పొద్దు నేను వెనకాల పొట్టు ఊడుస్తా ఉన్నా. మీ ఊర్లో ఇంకా నాలుగు బండ్లు నావి. దొనకొండ స్టేషనుకు మూటలు తోలిన బండ్లలో ఆరు నావి. త్రిపురాంతకంలో మూడు.”

ఆయన అంత పొడుగు మాట్లాడటం నేను పుట్టి ఎరగను. రైతు కాసేపు ఆయన చేతుల వైపే చూశాడు. తర్వాత బైకు స్టాండు వేసి వచ్చి, తెల్లపంచె మాసిపోతుందని కూడా చూసుకోకుండా, నాయన ఎదుట కట్ట మీద మట్టిలో చతికిలబడ్డాడు.

“కూసోని చెప్పు మామా,” అన్నాడు. “అన్నీ చెప్పు.”

నాయన కూర్చున్నాడు. మొట్టమొదటి బండి దగ్గర నుంచి మొదలుపెట్టాడు.